పురుగు పట్టని పిండి

మా అత్తగారు సుబ్బరావమ్మకి రెండు గర్వాలు ఉండేవి. ఆవిడ మాట విన్న ఆడదాని ముఖం మీద మొటిమ నిలవదన్నది ఒకటి. ఆవిడ చేసిన సున్నిపిండికి ఏడాది గడిచినా పురుగు పట్టదన్నది రెండోది. రెండూ నిజమే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నేను ఇంకొల్లు నుంచి పర్చూరు అవతలి పల్లెకి కాపురానికి వచ్చేనాటికి అద్దంలో నా ముఖం చూసుకోవడం నాకే ఇష్టం ఉండేది కాదు. బుగ్గల నిండా మొటిమలు, నుదుటి మీద మచ్చలు. "మొదటి పెళ్ళాం పోయినవాడు కాబట్టి ఒప్పుకున్నాడే సామ్రాజ్యం, నీ అదృష్టం" అని మా పిన్ని పెళ్ళిపందిట్లోనే అంది. "ఆయన అదృష్టం సంగతి కూడా కాస్త చెప్పు పిన్నీ" అన్నాను. నాకు మొదట్నుంచీ నోరు కాస్త ఎక్కువే.

అత్తగారు మాత్రం గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఏం లేదు, ఒళ్ళు వేడి చేసింది. కారం తెగ తినుంటావు. నా చేతిలో ఒక ఏడాది ఉండమ్మాయ్, నీ ముఖం నువ్వే గుర్తుపట్టవు" అంది.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. కోడి కూయగానే లేచి రాగిచెంబులో నీళ్ళు తాగాలి. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఏదో ఒక ఆకుకూర, పలచటి మజ్జిగ. కళ్ళం నిండా మా మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటే, ఊళ్ళో అందరూ పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ సంకటి తింటుంటే, ఆ మిరప పండించే ఇంట్లో నేను చప్పిడి కూడు తిన్నాను. సబ్బు అనే మాట ఎత్తకూడదు. ఒంటికి నువ్వులనూనె పట్టించుకుని, పైన సున్నిపిండితో నలుగు పెట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళు పోసుకోవాలి.

ఆ పిండి చేయడం ఒక యజ్ఞం. పెసలు, శనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు, ఎండబెట్టిన వేపాకు, కస్తూరి పసుపు. అన్నీ ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టి, తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించి, ఒక రేకు డబ్బాలో పోసేది. తిప్పితే బిగుసుకునే మూత, మూత లోపల అట్టబిళ్ళ, చూడముచ్చటైన డబ్బా. "కుండలో పోస్తే నెల తిరక్కుండా లుకలుకమంటాయి పురుగులు. ఇందులో చూడు! కస్తూరి పసుపు మహిమ" అని వచ్చినవాళ్ళందరికీ మూత తీసి చూపించేది. తను మాత్రం వాడేది కాదు. భర్త పోయాక ఒంటికి పసుపు రాసుకోకూడదని ఒట్టి పెసరపిండి రుద్దుకునేది.

ఆ ఇంట్లో నాకంటే ముందు మల్లేశ్వరి ఉండేది. నా భర్త చెంచురామయ్య మొదటి భార్య. కాన్పయిన కొన్నాళ్ళకి పసిగుడ్డుకి బాలగ్రహం వచ్చి పోయింది. ఆ వెనకే తల్లికీ కాళ్ళూ చేతులూ కొట్టుకుని, సంధి కమ్మి పోయింది. ముత్తయిదువగా పోయింది కాబట్టి ఆ ఇంటికి పేరంటాలైంది. పెరటి గుమ్మం పక్కన గోడలో ఆమెకొక గూడు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉండేది. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు ఆ గూటికి చూపించాలి. నేను రోజూ స్నానానికి వెళ్ళేముందు ఒక బెల్లంముక్క మీద చిటికెడు సున్నిపిండి చల్లి గూట్లో పెట్టాలి. సవతికి పెట్టందే నేను పెట్టుకోకూడదు.

చచ్చిపోయిన మనిషితో నాకేం గొడవ? పెట్టేదాన్ని. కానీ మర్నాడు గూట్లో బెల్లం బెల్లంలాగే ఉండేది. దాని చుట్టూ చీమలు చచ్చి పడి ఉండేవి.

మొదటిసారి చూసినప్పుడు అత్తగారిని పిలిచాను. "ఇదేంది అత్తయ్యా?" అన్నాను.

"దానికింకా మనసు కుదుటపడలా" అని అత్తగారు గొంతు తగ్గించింది. "పెట్టింది పుచ్చుకోవట్లా. ఊడ్చెయ్, ఎవరితో అనబాకు."

రోజూ ఊడ్చేదాన్ని.

ఏడాది తిరిగేసరికి నా ముఖం మీద ఒక్క మొటిమ లేదు. మా పిన్ని వచ్చి నా బుగ్గ గిల్లి మరీ చూసింది. అత్తగారికి ఊళ్ళో పేరు మోగిపోయింది. నాకు మాత్రం సంతోషం పూర్తిగా దక్కలేదు. ఆ పిండిలో కస్తూరి పసుపు వెనక ఇంకో వాసన ఉండేది. మూతేసిన గదిలో బూజులాంటి ముక్కవాసన. ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఒంటిని వదిలేది కాదు. కచ్చూరాల వాసనని అత్తగారు కొట్టిపారేసేది. ఒకరోజు నేను తడితలతో వసారాలోంచి పోతుంటే, అటు తిరిగి కూర్చున్న మా ఆయన "మల్లీ, ఆ తుండు ఇటియ్యి" అన్నాడు. అన్నాక వెనక్కి తిరిగి నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది. నేను తుండు అందించాను. ఆ వాసన నాది కాదని అప్పుడర్థమైంది. అది ఆమె వాసన. నా కొత్త చర్మం కూడా ఆమెదేనేమోనని భయం పట్టుకుంది. ఆ తర్వాత స్నానాల గదిలో తడిక అవతల ఎవరో నిలబడి నా వంతు ఎప్పుడవుతుందా అని చూస్తున్నట్టే ఉండేది.

నాకు ఆడపిల్ల పుట్టింది. "మల్లేశ్వరి పేరు పెట్టు, చల్లబడుతుంది" అంది అత్తగారు. "నా పిల్ల పేరు నా ఇష్టం" అన్నాను. బాలింత నోటికి అడ్డేముంది?

అత్తగారు మనవరాలికి స్నానం చేయిస్తుంటే చూడాల్సిందే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిల్లని కాళ్ళ మీద వేసుకుని, ఆముదం మర్దించి, పైన సున్నిపిండి పెట్టి నలిచేది. పిల్ల బంగారు ముద్దలా మెరిసేది. మూడో నెల రాగానే ఒక పొద్దున స్నానమయ్యాక దాని పిడికిళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళు పైకి తేలిపోయాయి. లేత కాళ్ళు టపటపా కొట్టుకున్నాయి. కాసేపటికి అదే సర్దుకుని ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఇద్దరం ఒకేసారి గూటి వైపు చూశాం.

"దాని పిల్లకీ ఇలాగే మొదలైంది" అంది అత్తగారు.

నా పొగరంతా దిగిపోయింది. పెట్టె అడుగునున్న పెళ్ళిచీర తీసి గూటి ముందు పెట్టాను. "నీ పేరే పెడతానమ్మా. నీ ఇల్లు నీదే, నీ మొగుడు నీ వాడే. నా పిల్లని నాకుంచు" అని గోడకి తల ఆనించి బతిమాలుకున్నాను. మర్నాడు గూట్లో చీమలు ఎప్పటికంటే ఎక్కువ చచ్చి ఉన్నాయి. పిల్లకి మళ్ళీ వచ్చింది.

నా ఒళ్ళు కూడా నాకు లొంగకుండా పోతోంది. కంటిరెప్ప ఊరికే కొట్టుకునేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఆమెకీ ముందు ఇలాగే అయిందట. ఇక ఆగలేదు. పిల్ల నిద్రపోయాక అత్తగారికి అప్పగించి, చీరాల ఆసుపత్రికి బండి కట్టమని మా ఆయనకి చెప్పడానికి మిరపతోటకి బయల్దేరాను. "పిల్ల లేవగానే పేరంటాలికి దణ్ణం పెట్టుకుని మళ్ళీ ఒంటినిండా నలుగు పెడతా, దోషం పోతుంది" అని అత్తగారు వెనకనుంచి అంటూనే ఉంది.

తోట గట్టెక్కానో లేదో ఆ వాసన కొట్టింది.

పట్టపగలు, ఎండ మాడుస్తోంది. అదే ముక్కవాసన. మల్లేశ్వరి ఆ చాళ్ళ మధ్యే ఎక్కడో నిలబడి ఉందనుకున్నాను. ఇంట్లో పిల్లని పట్టుకుంది చాలక ఇక్కడికి కూడా వచ్చిందా అని గట్టు మీదే ఆగిపోయాను.

అది అరవై రెండు ప్రాంతం. తోటలకి పురుగుమందు వేయడం మా వైపు అప్పుడప్పుడే అలవాటవుతోంది. మా ఆయనా, కూలికొచ్చిన జక్రయ్యా ముక్కులకి గుడ్డలు కట్టుకుని, మందుపొడిని పలచటి బట్టలో మూటకట్టి మొక్కల మీద దులుపుతున్నారు. గట్టు మీద రేకు డబ్బా మూత తీసి ఉంది. తిప్పితే బిగుసుకునే మూత. మూత లోపల అట్టబిళ్ళ. పైన ఎర్ర కాగితం అంటించి ఉంది, మా ఇంట్లో దానికి లేదు. అంతే తేడా. డబ్బా పక్కన చీమలు చచ్చి పడి ఉన్నాయి, గూట్లో పడ్డట్టే.

"మనింట్లో పిండి డబ్బా ఎక్కడిది?" అన్నాను.

మా ఆయన ముక్కు మీది గుడ్డ తీశాడు. "ఇట్టాంటిదే. ఖాళీ అయితే అమ్మ అడిగింది, మూత బావుందని. ఊరికే ఇచ్చాననుకున్నావా, చింతపండూ బూడిదా వేసి ఎన్నిసార్లు తోమానో! మూతలో అట్టబిళ్ళ తడిస్తే చెడుతుందని దాన్నొక్కదాన్నే వదిలేశా."

"ఎప్పుడు?"

"మల్లేశ్వరి కడుపుతో ఉన్నప్పుడు..." అని ఆగిపోయాడు. ఆయన చేతిలోని మూట కింద పడింది.

నేను పరిగెత్తాను. పత్తిచేలకి అడ్డం పడి, చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోకుండా పరిగెత్తాను. పెరట్లోకి వచ్చేసరికి అత్తగారు పీట మీద కాళ్ళు జాపి కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళంతా ఆముదంతో నిగనిగలాడుతోంది. అత్తగారి గుప్పిట్లో పిండి ఉంది. నేను పిల్లని లాక్కున్నాను.

"నీకేమన్నా పిచ్చా? స్నానం మధ్యలో పిల్లని లాక్కుంటారటే?"

చెప్పాను. నమ్మలేదు. "నా పిండా? నీ ముఖం బాగుచేసిన పిండి! పసుపుకే చచ్చుంటాయి చీమలు" అని గయ్యిమంది. నేను వాదించలేదు. గడప వారనే చీమల బారు పోతోంది. "ఆ డబ్బాలోది ఒక చిటికెడు వాటి దారిలో వెయ్యండి అత్తయ్యా. పక్కన వంటింటి పసుపు ఒక చిటికెడు వెయ్యండి" అన్నాను.

వేసింది. ఇద్దరం కూర్చుని చూశాం. వంటింటి పసుపు దగ్గరికొచ్చిన చీమలు పక్కకి తిరిగి చుట్టూ పోయాయి. పిండి మీదుగా నడిచినవి కాస్త దూరం పోయి, గింగిరాలు తిరిగి, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. పసిపిల్ల కాళ్ళు కొట్టుకున్నట్టే. అత్తగారు ఆ కాళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"మరి మల్లేశ్వరి?" అంది.

"ఏమో అత్తయ్యా. ఎవరికి తెలుసు?" అన్నాను. ఆవిడ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. కొంతకాలంగా ఆ వేళ్ళు వణుకుతున్నాయి. పెద్దతనమని అనుకున్నాం.

ఆ సాయంత్రమే బండి కట్టి చీరాల పోయాం. ఆ డాక్టరు మమ్మల్ని తిట్టిన తిట్లు మా ఆయన తలొంచుకుని విన్నాడు. మెల్లమెల్లగా పిల్లకి ఫిట్స్ తగ్గాయి, నా రెప్ప కొట్టుకోవడం ఆగింది. డబ్బాని మా ఆయన పొలిమేరలో లోతుగా పాతేశాడు. కొన్నాళ్ళకి నా బుగ్గ మీద మొటిమ లేచింది. అద్దంలో దాన్ని చూసుకుని నేను ఏడ్చాను. అది నాది.

మల్లేశ్వరి మీద నాకు భయం పోయింది. దానికంటే పెద్దదేదో వచ్చి కూర్చుంది. ఆమె మమ్మల్ని పట్టి పీడించిందనుకున్నాం. రోజూ పొద్దున్నే ఆ గూట్లో చచ్చిన చీమల్ని పరిచి మరీ చెప్పింది కదా! మేము చీపురు పెట్టి ఊడ్చేశాం. పిల్లకి మల్లేశ్వరి అనే పేరు పెట్టాను. ఈసారి ఎవరూ చెప్పలేదు.

అత్తగారు మాత్రం పిల్లని ముట్టుకోవడం మానేసింది. పాకుతూ వచ్చి కొంగు పట్టుకున్నా చేతులు వెనక్కి పెట్టుకునేది. గూటి ముందుకి రావడం కూడా మానేసింది. ఇంట్లో పచ్చడి మళ్ళీ కారంగా చేసేది, నన్ను తినొద్దనేది కాదు. ఆవిడని అలా చూడలేకపోయాను. వేసవి వచ్చాక పెసలు ఎండబెట్టి, "తిరగలి పట్టండి, నాకు ఆ పాళ్ళు తెలియవు" అని పోరి కూర్చోబెట్టాను. అవే దినుసులు, అదే కస్తూరి పసుపు. ఈసారి కొత్త మట్టికుండలో పోసి గుడ్డ వాసెన కట్టాను. ఆవిడ రోజూ గుడ్డ విప్పి చూసి మళ్ళీ కట్టేది. ఎవరి ఒంటికీ వాడనిచ్చేది కాదు.

ఒకరోజు "సామ్రాజ్యం, సామ్రాజ్యం" అని కేకేస్తే కంగారుగా వెళ్ళాను. కుండ ముందు కూర్చుని ఉంది. పిండి మీద చిన్న తెల్లపురుగులు లుకలుకమంటున్నాయి.

"పట్టాయమ్మాయ్" అంది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

లేచి, గూటికి కొత్తగా పసుపు పూసి, బెల్లంముక్క మీద ఆ పిండి చల్లి పెట్టింది. మర్నాడు పొద్దున నేను చీపురు తీసుకుని వెళితే చెయ్యి అడ్డం పెట్టింది. గూట్లోంచి కిందిదాకా చీమల బారు. బెల్లాన్ని రవ్వలు రవ్వలుగా మోసుకుని గోడ దిగి పోతున్నాయి. ఒక్కటీ పడిపోలేదు. ఎండెక్కేదాకా ఆవిడ అక్కడే గొంతుక్కూర్చుని చూసింది. చివరి రవ్వ కూడా పోయింది.

"పుచ్చుకుంది" అంది.

తర్వాత పిండిని గుడ్డలో జల్లించుకుని, పీట వాల్చుకుని, చాలా రోజుల తర్వాత కాళ్ళు బారజాపింది. వణికే చేతులు నా వైపు చాచి, "మల్లిని ఇటియ్యి" అంది.

ఇచ్చాను.