గోడ అవతల వంటబట్టిన పాట

ఈశ్వరప్రసాద్‌గారికి చప్పుడంటే గిట్టదు. ఉద్యోగమంతా ఏలూరు నుంచి జంగారెడ్డిగూడేనికి ఆర్టీసీ బస్సు తోలి, ఆ హారన్లనూ గేర్లనూ చెవుల్లో మోసి మోసి రిటైరైన మనిషి. ఇక మీదట ప్రపంచమంతా తన కోసం నోరు మూసుకుని కూర్చోవాలని ఆయన కోరిక. ప్రపంచం సంగతెలా ఉన్నా, ఒకే గోడ పంచుకున్న పక్కిల్లు మాత్రం ఆ మాట వినలేదు. అది బీబీ వాళ్లిల్లు. ఆ ఇంటి ముందుగదిలో తివాచీ మగ్గం ఉంది.

తివాచీ నేత చూడ్డానికి నెమ్మదైన పనే గానీ వినడానికి కాదు. ఒక వరస ముడులు పూర్తి కాగానే పంజా అనే ఇనప పళ్ల దువ్వెనతో దబదబా కొట్టి ఆ వరసను కిందికి దించాలి. దానికి తోడు పాట. ఏ రంగు ముడులు ఎన్ని వేయాలో బీబీ మామగారు సైఫుల్లా రాగం తీసి చెబుతుంటే, మగ్గం ముందు కూర్చున్న బీబీ, వెనక వీధిలోని యేసమ్మ వేస్తుండేవారు. యేసమ్మకు ఉర్దూ రాదు కనుక పాట తెలుగులోనే సాగేది. రెండెరుపు, ఒకటి తెలుపు, మళ్లీ మూడెరుపు, ఇలా. కాగితమన్న మాటే లేదు. నేసేవాళ్లు నమూనా గుర్తుపెట్టుకోకూడదని కూడా ముసలాయన నియమం. చెవిన పడింది తిన్నగా వేళ్లలోకి పోవాలి, మధ్యలో బుర్ర దూరితే ముడి తప్పుతుంది అనేవాడు. ఎన్నో తివాచీలు నేసిన బీబీకి ఒక్క నమూనా కూడా తెలియకపోవడానికి కారణం ఇదే.

గోడకు అవతల ఈశ్వరప్రసాద్‌గారు కర్రతో కొట్టేవారు. వీధి గుమ్మంలో నిలబడి, ఇది ఇల్లా, రైస్ మిల్లా అని నలుగురూ వినేలా కేకలేసేవారు. బీబీ చేయగలిగిందంతా చేసింది. మధ్యాహ్నం ఆయన పడుకునే వేళ పని ఆపించింది, మగ్గం కాళ్ల కింద గోనెసంచులు మడిచి పెట్టింది, గోడకు పాత బొంతలు కట్టింది. ఆయన శాంతించలేదు. ఒకనాడు ఏకంగా ఇంట్లోకి వచ్చి, యేసమ్మ చేతిలోని పంజా లాక్కుని వీధిలోకి విసిరేశారు. సాయంత్రం ఆయన భార్య వెంకటనరసమ్మ దాన్ని కడిగి తుడిచి తెచ్చిచ్చి, ఏమీ అనుకోవద్దని మెల్లిగా చెప్పి వెళ్లింది. అనుకోకుండా ఎలా ఉంటారు? ఆ రాత్రి బీబీ అన్నం ముట్టలేదు.

అలాంటి రోజుల్లో అభిషేక్ అనే వ్యాపారి పెద్ద బేరం తెచ్చాడు. ఒక హాల్లో ఎదురెదురుగా పరచడానికి తివాచీల జత కావాలి. రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఒక్క పువ్వు తేడా వచ్చినా జత మొత్తం వెనక్కి పంపిస్తారు, ఇక ఈ గుమ్మం తొక్కనని కూడా చెప్పాడు. బీబీ భర్త హసన్‌కు మోటార్‌సైకిళ్ల షెడ్డులో పని. ఈ బేరం పోతే మగ్గం విప్పి అమ్మేద్దామనీ, కొల్లేరు వైపు చేపలు ఐసు పెట్టెల్లో సర్దే పనికి ఆడవాళ్లను తీసుకుంటున్నారనీ అతను ముందే అని ఉన్నాడు. కష్టానికి బీబీ ఏనాడూ వెనకాడలేదు. కానీ మగ్గం లేని ముందుగదిని ఆమె ఊహించుకోలేకపోయేది.

మొదటి తివాచీ పూర్తయింది, అభిషేక్ తీసుకుపోయాడు. రెండోదానికి అంచు నేస్తుండగా సైఫుల్లాకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, కుడి చెయ్యీ మాటా పోయాయి. ఆయనకు అన్నీ అర్థమయ్యేవి, నోట్లోంచి మాత్రం మూలుగు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఊలు ఉండలు ముందు పెడితే ఎడమచేత్తో ఒకటి రెండు చూపించి, ఆ పైన దారి తప్పి, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. హసన్ ఫోనులో మొదటి తివాచీ ఫొటో ఉంది. అందులో పువ్వు కనిపిస్తుంది, పువ్వుకు ఎన్ని ముడులో కనిపించదు. తివాచీనే వెనక్కి అడిగితే, నమూనా పోయిందని తెలిసి అభిషేక్ బేరం మానుకుంటాడని భయం.

అయినా బీబీ పూనుకుంది. పాట లేనిదే చేతులు ఆడటం లేదని, ఒకరోజు పొద్దున్న ఫొటో చూస్తూ తానే రాగం తీసింది. రెండెరుపు, ఒకటి తెలుపు, మూడు నీలం అనగానే గోడ మీద కర్ర పడింది. ఆమె టక్కున నోరు మూసుకుంది. కర్ర మళ్లీ పడింది.

"ఆపావేంటమ్మా? మూడు నీలం కాదు. రెండు నీలం, ఒకటి పచ్చ. ఆ తర్వాత మీ మామగారు దగ్గుతారు."

బీబీ, యేసమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బీబీ లేచి, ఆ ఇంటి గుమ్మం ఎన్నడూ తొక్కనిది, తిన్నగా వెళ్లి ఈశ్వరప్రసాద్‌గారి ఎదుట నిలబడి, ఇదంతా మీకెలా తెలుసండీ అని అడిగింది.

"ఎలా తెలుసంటావేంటి? నెలల తరబడి నిద్ర చెడగొట్టి నా బుర్రలోకి ఎక్కించారు గదా. నా రూటు స్టాపులన్నా మర్చిపోతానేమో గానీ ఇది వదలట్లేదమ్మా. స్నానానికెళ్తే వస్తది, అన్నం ముందు కూర్చుంటే వస్తది."

ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "బాబాయిగారండీ, ఒక్కసారి మా ఇంటికి రండి" అనగలిగింది.

ఆయన వచ్చారు. సైఫుల్లా మంచం వైపు చూడటానికి మొహం చెల్లక, స్టూలు గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఎక్కడ కావాలంటే అక్కడ అందుకోవడం ఆయనకు రాదు, వరస మొదటి నుంచీ రావాల్సిందే. అదీ సైఫుల్లా రాగంలోనే. దగ్గు వచ్చే చోట దగ్గు, ఊపిరి పీల్చే చోట ఊపిరి. మధ్యలో, "యేసమ్మా, కునుకు తీస్తున్నావా, ఒకటి పచ్చ" అన్నారు. మరికొంతసేపటికి, "మెల్లిగా కొట్టండమ్మా, గోడవతల దున్నపోతు లేస్తాది, నాలుగెరుపు" అని, గొంతులో ఏ మార్పూ లేకుండా ముందుకు సాగిపోయారు.

బీబీకి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. యేసమ్మ పైట నోట్లో కుక్కుకుంది. అప్పుడు మంచం మీంచి ఒక వింత చప్పుడు వినిపించింది. సైఫుల్లా సగం మూతితో నవ్వుతున్నాడు, పడిపోయిన తర్వాత మొదటిసారి. ఈశ్వరప్రసాద్‌గారు స్టూలు ఇటు తిప్పుకున్నారు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే డ్యూటీకి వచ్చినట్టు వచ్చేవారు. ఆయన కోపం ఎక్కడికీ పోలేదు. వేళ్లు ఆలస్యమైతే కసిరేవారు, వీధిలో స్కూటర్ హారన్ కొడితే పాట వినపడదని బయటికెళ్లి దెబ్బలాడేవారు. వెంకటనరసమ్మ కాఫీలు పంపేది. తివాచీ జానలు జానలుగా పెరిగింది. నమాజులో బీబీ ఆయన పేరు కూడా చేర్చుకుంది. దేవుడా, ఆయన నిద్ర చెడగొట్టినందుకు మమ్మల్ని క్షమించు, చెడగొట్టించినందుకు నీకు వేయి దండాలు అనుకునేది.

నడిమధ్య పెద్ద పువ్వు దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది. ఆయన వెనక్కి వెళ్లి మళ్లీ అందుకున్నారు, అక్కడే ఆగారు. తల వంచుకున్నారు.

"ఈ ముక్క నేను వినలేదమ్మా. ఆ వారమంతా ఇంట్లో లేను. మీ మగ్గం తీయించమని అర్జీ పట్టుకుని మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాను."

బీబీ తన మనసులో కోపం కోసం వెతికింది, దొరకలేదు. ఇంతవరకూ తెచ్చిపెట్టిన మనిషి మీద కోపం ఎలా వస్తుంది? భయం మాత్రం వేసింది. పువ్వు సగంలో ఆగితే జత పోయినట్టే, మగ్గం పోయినట్టే. అదే చెప్పింది. తప్పు నాదే, ఉండమ్మా అంటూ ఆయన మరోసారి పువ్వు మొదలు నుంచి గొంతు పెంచి లాక్కొచ్చి, అదే చోట ఆగిపోయారు.

"నా... నాలుగు తెలుపు."

అన్నది సైఫుల్లా. అన్నాక అందరికన్నా ఎక్కువగా ఆయనే బిత్తరపోయాడు. తర్వాతి మాట కోసం పెదాలు కదిపాడు, రాలేదు. కళ్లు నిండాయి. ఈశ్వరప్రసాద్‌గారు మాత్రం స్టూలు మీంచి లేచి నిలబడ్డారు. బ్యాటరీ పోయిన బండి ఇంతే, తోస్తే అంటుకుంటుంది, వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తోద్దాం అన్నారు.

తోశారు. వెనకటి వరస నుంచి ఈయన పాట పరిగెత్తించుకొస్తే, ఆగిన చోట ఆ ముసలి గొంతు ఇంకొక్క ముక్క అందించేది. రోజుకు కొన్ని ముక్కలు. మామూలుగా మంచినీళ్లు అడగలేని నోరు, పాట తోస్తే మాత్రం పలికేది. పెద్ద పువ్వు అలా ఇద్దరి గొంతులతో పూర్తయింది. మిగిలిన సగం ఈశ్వరప్రసాద్‌గారికి కంఠతా వచ్చినదే.

అభిషేక్ మొదటి తివాచీని వెంట తెచ్చి రెండింటినీ పక్కపక్కన పరిచి, మోకాళ్ల మీద కూర్చుని అంచు నుంచి అంచు దాకా వేలు పెట్టి చూశాడు. ఏది ముందు నేసిందో చెప్పలేకపోయాడు. మరో జతకు మాట ఇచ్చి వెళ్లాడు. బీబీ వీధి గుమ్మంలో, నలుగురూ వింటుండగా, "బాబాయిగారండీ, ఈ ఇంట్లో మగ్గం మీ వల్లే నిలబడిందండీ" అంది. ఆయన, ఇంకా ఆ బొంతలు గోడకెందుకు, ఉతికి ఎండేయమని కసిరారు.

వెళ్లబోతుంటే లోపలి నుంచి పిలుపు వినిపించింది. పాట కాదు, రాగం లేదు. ఎవరూ తోయలేదు.

"ప్ర... ప్రసాద్‌గారూ."

ఈశ్వరప్రసాద్‌గారు గుమ్మంలోనే ఆగిపోయారు. కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగారు.

"చెప్పండి సాయిబుగారూ, వింటున్నాను" అన్నారు. ఆ తర్వాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, అంతసేపూ కూర్చున్నారు.