నాలుగో అంతస్తు తలుపు పిడులు

బకెట్టక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే పద్దెనిమిదేళ్ళుగా ఆఫీసులు శుభ్రం చేయించే పని నెట్టుకొస్తోంది. అసలు పేరు బిల్లుల మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆవిడ దగ్గర పద్నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో ఒకతె సొంత తోడికోడలు.

రోజులు బాగాలేవు. ఉద్యోగులు వారంలో మూడు రోజులు ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంటే ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. ఖాళీ కుర్చీ తుడవమని ఎవరు పిలుస్తారు? రోజూ రమ్మన్నవాళ్ళు వారానికి రెండుసార్లు చాలన్నారు. అదే అదనుగా పెద్ద కంపెనీలు యంత్రాలు వేసుకుని దిగాయి. చవగ్గా చేస్తామని పెద్ద అక్షరాల్లో రాస్తాయి, ఏమేం చేయమో చిన్న అక్షరాల్లో రాస్తాయి. బకెట్టక్కకు చివరికి మిగిలింది ఒక్క తొమ్మిదంతస్తుల భవనం. అదీ చేజారితే పద్నాలుగు మందీ ఇంటికి పోవాల్సిందే.

ఆ భవనం మేనేజరు పోటీ పెట్టాడు. ఈ మధ్య అందరిలాగే ఆయనకూ కంటికి కనిపించే శుభ్రం సరిపోలేదు, అంకె కావాలట. ఒకే రోజు, ఉద్యోగుల కళ్ళెదుటే మూడో అంతస్తు బకెట్టక్క మనుషులు, నాలుగో అంతస్తు పెద్ద కంపెనీవాళ్ళు శుభ్రం చేయాలి. ఒకరి అంతస్తులో ఒకరు చెయ్యి పెడితే పోటీలోంచి తీసేస్తారు. తర్వాత పరీక్షకురాలు వచ్చి బల్లలనీ తలుపు పిడులనీ దూదిపుల్లతో రుద్ది, ఆ పుల్లను మీటర్లో పెడుతుంది. అంకె ఎంత తక్కువ వస్తే అంత శుభ్రం.

బకెట్టక్క మనుషులు గుడ్డను మడతపెట్టి ఎనిమిది ముఖాలు చేస్తారు. ఒక ముఖంతో ఒక్కచోటే తుడవాలి. ఎనిమిదీ అయ్యాక గుడ్డ బకెట్లో పడాలి. తుడిచిన ముఖంతో రెండో చోటు తుడిచారో, బకెట్టక్క నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పైన నాలుగో అంతస్తులో మాత్రం యంత్రం గుర్రుమంటూ తిరిగింది, నిమ్మవాసన మెట్లదాకా కొట్టింది.

మధ్యాహ్నం మీటింగు గదిలో పరీక్షకురాలు అంకెలు చదివింది. మూడో అంతస్తులో అన్నీ బాగున్నాయి. నాలుగో అంతస్తు బల్లలు అంతంతమాత్రమే. కానీ అక్కడి తలుపు పిడులకు వచ్చినంత మంచి అంకెలు తానెక్కడా చూడలేదంది. అన్నీ కలిపితే ఇద్దరూ సమానం.

“సమానమైతే మరి, ధర తక్కువ చెప్పినవాళ్ళకే ఇవ్వాలి” అన్నాడు మేనేజరు.

“అంతా మా యంత్రం మహిమండీ” అని కంపెనీ ఏజెంటు టై సర్దుకున్నాడు.

తోడికోడలు బకెట్టక్క మోచెయ్యి లాగింది. “అక్కా, తిట్టనంటే ఒకటి చెబుతా.”

“తిడతాను. చెప్పు.”

“ఆ హ్యాండిళ్ళు నేనే తుడిచా. కొత్త గుడ్డల కోసం అయిదో అంతస్తు స్టోరుకెళ్ళి దిగుతూ, మూడోదనుకుని నాలుగో అంతస్తులోకి తిరిగేశా. పదకొండేళ్ళ అలవాటక్కా, వరసగా తుడుచుకుంటూ పోయా. చివరికొచ్చాక గానీ మన అంతస్తు కాదని గుర్తు రాలేదు.”

బకెట్టక్క “కొంప ముంచావు కదే!” అని పళ్ళు నూరింది. నోరు మూసుకుంటే పని పోతుంది. నోరు విప్పితే రూలు తప్పినందుకు పోతుంది. ఎటూ పోయేదే అయినప్పుడు, తన మనిషి కష్టాన్ని ఆ టై పెట్టుకున్నవాడి ఖాతాలో వేయడం ఆవిడకు చచ్చినా ఇష్టం లేదు. లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

“ఓడిపోతున్నారని కథలు చెబుతున్నారు!” అన్నాడు ఏజెంటు.

తోడికోడలు మేనేజరు వైపు తిరిగింది. “చివరి గదిలో ఎవరో తలుపేసుకుని ఫోన్లో మాట్లాడుతున్నారు సార్. ఆ ఒక్కటీ తుడవకుండా వచ్చేశా. చూసుకోండి.”

ఆ గది మూసి ఉందని పరీక్షకురాలు కూడా ఇందాక దాని పిడిని ముట్టుకోలేదు. అందరూ నాలుగో అంతస్తుకెక్కారు. పక్క గదుల పిడులకు ఆరు, తొమ్మిది, ఏడు వచ్చాయి. చివరి గది పిడికి నాలుగు వందల పన్నెండు వచ్చింది.

“హ్యాండిళ్ళు మా లిస్టులో లేవండీ, వాటికి వేరే రేటు...” అనేసి ఏజెంటు నాలుక్కరుచుకున్నాడు.

“మరి ఇందాక యంత్రం మహిమన్నారే?” అన్నాడు మేనేజరు.

“అయినా రూలు తప్పింది వాళ్ళు కదా సార్!”

“ఒకరి పని ఒకరు చెడగొడతారని పెట్టిన రూలయ్యా అది. ఈవిడ చెడగొట్టిందేముంది? మీకు మార్కులు తెచ్చిపెట్టింది” అన్నాడు మేనేజరు. పరీక్షకురాలు పిడుల అంకెలు తీసేసి మళ్ళీ లెక్కేసింది. కంపెనీ ఎక్కడో వెనకబడిపోయింది. మేనేజరు అక్కడే, నిలబడినచోటే చెప్పేశాడు. తొమ్మిదంతస్తులూ మూడేళ్ళపాటు బకెట్టక్కవే, ఆవిడ చెప్పిన ధరకే.

బల్లల దగ్గరి ఉద్యోగులు పని ఆపి చప్పట్లు కొట్టారు. బకెట్టక్క మెట్ల దగ్గరికి పరుగెత్తి, “తొమ్మిదీ మనవేనే!” అని కిందికి అరిచింది. కింద పదమూడు మంది పెట్టిన కేకకు భవనం దద్దరిల్లింది. ఆవిడ జన్మలో అంత గర్వపడలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి తోడికోడల్ని అందరి ముందూ వాటేసుకుంది.

“ఇకనుంచి ఈ అంతస్తు నీదే. పోయి ఆ చివరి హ్యాండిల్ తుడిచిరా, నాకు చెయ్యి దురద పుడుతోంది” అంది.