నట్టు పోయింది, పట్టా వచ్చింది

నా నట్టును చంపినవాడికి ఎం.టెక్. పట్టా ఇచ్చారు. ఇందులో వాదించుకోవలసింది ఏమీ లేదు. వాళ్లు ఇచ్చారు, అతడు తీసుకున్నాడు, ఫోటో దిగాడు.

నేను ఒక బోల్టును. జానెడు పొడవు, గునపమంత లావు. విశాఖపట్నం శివార్లలో ఒక కొలిమి షెడ్డులో పుట్టాను. ఎర్రగా కాల్చారు, నెత్తిన మోది తల చేశారు, ఒంటికి మరలు కోశారు. పక్క బల్ల మీద ఆమె, నా నట్టు, పుట్టింది. ఆరు పలకల మొహం. తనిఖీ చేసేవాడు ఆమెను తెచ్చి నా మీద పెట్టి వేలితో తిప్పాడు. సాఫీగా దిగింది. పెళ్లిచూపులూ పెళ్లీ అంతే. జాతకం చూడలేదు, మర చూశారు. మనుషులు ఇంతకంటే ఎక్కువే చూసుకుంటారు. ఇంతకంటే తక్కువే కుదురుతుంది.

మమ్మల్ని ఉత్తరాంధ్రలోని ఒక చక్కెర ఫ్యాక్టరీకి అమ్మారు. చెరకు మిల్లును తిప్పే పెద్ద పళ్లచక్రం ఒకటి ఉంటుంది. దాని ఇరుసు కింద బేరింగు, బేరింగు మీద ఇనుప మూత, ఆ మూతకు నాలుగు మూలలా నలుగురు బోల్టులు. గుమ్మం వైపు మూల మాది. కదలకుండా ఉండటమే మా ఉద్యోగం. ఏళ్ల తరబడి కదలలేదు. మెచ్చుకున్నవాడు లేడు. కదలనివాణ్ని ఎవరు చూస్తారు?

అయితే ఏడాదికి ఒక్క రోజు మాత్రం చూసేవారు. చెరకు క్రషింగ్ మొదలయ్యే రోజు మిల్లుకు పూజ. గుమ్మం వైపు మూల అందరికీ అందుబాటు కనుక పసుపు మాకు రాసేవారు, కుంకుమ మాకు పెట్టేవారు, కొబ్బరికాయ మా నెత్తిన కొట్టేవారు. కొట్టేది గొర్లె తవిటినాయుడు. అసిస్టెంట్ ఇంజనీరు. డిప్లొమాతో చేరి, ఉద్యోగం చేస్తూనే పరీక్షలు కట్టి ఇంజనీరింగ్ డిగ్రీతో సమానమైనది సంపాదించుకున్న మనిషి. చెయ్యి మంచిదని పేరు. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలయ్యేది. ఆ నీళ్లన్నీ ఆమె కిందికి, నా మరల్లోకి దిగేవి.

ఆ పసుపు తుడవకూడదు. సీజను నడుస్తుండగా తుడిస్తే మిల్లుకు అరిష్టమట. సీజను అయ్యాక తుడవవచ్చు. కానీ అప్పటికి అందరూ ఇళ్లకు పోతారు. మరుసటి ఏడు పాత పసుపు మీద కొత్త పసుపు.

ఒక సీజను మధ్యలో మూత కింద బేరింగు వేడెక్కింది. తాకితే చెయ్యి కాలుతోంది. మిల్లు ఆపారు. మూత విప్పాలి. ఫిట్టర్ కోరాడ పోలయ్య స్పానరు తెచ్చాడు. మూడు నట్లు మర్యాదగా తిరిగి వచ్చేశాయి. నాలుగోది రాలేదు. కిరసనాయిలు పోశారు. స్పానరుకు పైపు తొడిగి ఇద్దరు వేలాడారు. పైపు వంగింది గానీ ఆమె కదలలేదు. అంత తుప్పులోనూ నన్ను పట్టుకునే ఉంది. లేదా తుప్పే పట్టుకుంది. మా మధ్య ఆ తేడా అప్పటికే పోయింది.

బయట రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లు. ఎండకు చెరకు ఎండిపోతోంది. రైతులు గేటు దగ్గర మిల్లు పుట్టుకనూ ఇంజనీర్ల పుట్టుకనూ కలిపి తిడుతున్నారు.

"ఏటయ్యా, ఎంతసేపు?" అన్నాడు తవిటినాయుడు.

"ఇది రాదు బాబూ. అతుక్కుపోనాది."

"కొట్టు."

"కొట్టేను బాబూ. సుత్తి కర్ర ఇరిగిపోనాది. అత్తోరింటికి ఎల్లనని గుమ్మం పట్టుకున్న ఆడపిల్లలాగుంది."

"కబుర్లాడకు. గ్యాస్ కట్టర్ తే. కోసీ."

"బోల్టు కూడా పాడైపోద్ది బాబూ."

"పోతే పోనీరా. బోల్టు నీ తాత చేయించిన నగేటి?"

కోశారు. ఆమె రెండు ముక్కలై నేల మీద పడింది. ఎర్రగా కాలిన ముక్క మీద కూడా ఒక పలకకు పసుపు ఉంది, బొట్టు ఉంది. పసుపు కుంకుమలతో పోయింది. పుణ్యస్త్రీ అని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. పోలయ్య కాలితో పక్కకు నెట్టాడు. నా మరలు ఒక పక్క కాలిపోయాయి. నన్నూ తుక్కులోకి విసిరారు. ఆమె ముక్కల ఆనవాలు నాకు దొరకలేదు. తుక్కు లారీ వచ్చి వెళ్లింది, నేను గుట్ట అడుగున మిగిలాను.

సాయంత్రానికి మిల్లు తిరిగింది. తవిటినాయుడు పైవాళ్లకు రిపోర్టు రాశాడు. ఆలస్యానికి కారణం: నాసిరకం బోల్టు. చంపినవాడే చావుకు కారణం రాయడం మనుషుల్లో పద్ధతి కాబోలు.

అక్కడితో అయిపోయేది. కానీ ఆ ఏడే చీఫ్ ఇంజనీరు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ కుర్చీ తవిటినాయుడికి రావాలి. అంతకుముందు రెండుసార్లు రావలసి రాలేదు. రెండుసార్లూ తనకంటే చిన్నవాళ్లు పట్టా పట్టుకుని వచ్చి కూర్చున్నారు. అతడు వాళ్లకు మిల్లు చూపించి, పని నేర్పి, సెల్యూట్ కొట్టాడు. ఈసారి యాజమాన్యం తేల్చి చెప్పింది: ఎం.టెక్. ఉంటేనే కుర్చీ. మూడోసారి కూడా పోతే ఇక రిటైరవడమే మిగిలింది.

ఒక విశ్వవిద్యాలయం వాళ్లు కొత్త దారి తెరిచారని తెలిసింది. ఏళ్ల తరబడి పని చేసిన ఇంజనీరు క్లాసులకు వెళ్లక్కరలేదు. ఉద్యోగంలో ఏ సమస్య వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎలా తీర్చాడు అని గ్రంథం రాయాలి. ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. అనుభవం నిజమని తేలితే ఎం.టెక్. ఇస్తారు. పని చేసేచోట తప్పు చేస్తే మెమో. అదే తప్పును అధ్యాయాలుగా విడగొట్టి రాస్తే పట్టా. చదువు ఎంత ముందుకు పోయిందో!

రుజువుకు వస్తువు ఏదైనా ఉంటే తెమ్మన్నారు. తవిటినాయుడు తుక్కుగుట్ట తవ్వించి నన్ను తీయించాడు. ఇంటికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. ఆరు అధ్యాయాలు. ఆరింటిలోనూ ముద్దాయిని నేనే. నా ఉక్కు మంచిది కాదు, నా పుట్టుక మంచిది కాదు, నన్ను కొన్నవాడి బుద్ధి మంచిది కాదు. పటాలు గీశాడు. పటాల్లో కూడా నేను వంకరగానే ఉన్నాను.

అతడి భార్య అప్పలనరసమ్మ టీ తెచ్చి పెట్టేది.

"మనవలకి అక్షరాలు దిద్దించే వయసులో మీకీ పరీక్షలేటండి?" అనేది.

"కుర్చీ కోసమే."

"ఇంట్లో ఉన్న కుర్చీలు చాలవా?"

"నవ్వు, నవ్వు. రేపు చీఫ్ ఇంజనీరు గారి భార్యవైతే అప్పుడు చూస్తాను నీ నవ్వు."

ఒకనాడు ఆమె బల్ల తుడుస్తూ నన్ను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి జోడీ ఉండాలి కదండీ. అదేదీ?"

"కోసీసేం."

"అయ్యో," అంది. నన్ను మెల్లగా కింద పెట్టింది.

నా నట్టుకు జరిగిన కర్మకాండ ఆ ఒక్క మాటే.

పరీక్ష రోజు వచ్చింది. నన్ను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో ప్రొఫెసర్ సౌదామిని. నన్ను ముందే ఆమె ల్యాబుకు పంపించి, ఒక చివర చిన్న ముక్క కోసి, రుద్ది, పరీక్ష చేయించి వెనక్కి ఇచ్చింది. ఒక పక్క మరో ప్రొఫెసరు. ఇంకో పక్క, పరిశ్రమ తరఫున ఒకరు ఉండాలన్న నియమం ప్రకారం, మా ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు. నాసిరకం బోల్టు అన్న రిపోర్టు అందుకున్నది ఆయనే.

సౌదామిని గ్రంథం మూసి పక్కన పెట్టింది.

"నాయుడు గారూ, మా ల్యాబు ఏం చెప్పిందో తెలుసా? ఈ బోల్టు ఉక్కు చక్కగా ఉంది. వంక పెట్టడానికి లేదు."

నిర్దోషినని నన్ను ఒకరు అనడం అదే మొదటిసారి. కాస్త ఆలస్యమైంది.

"మీ ఆరు అధ్యాయాలూ నాసిరకం అంటున్నాయి. ల్యాబు తప్పా, మీరు తప్పా? నాలుగు బోల్టులూ ఒకే సరుకు, ఒకే చోటు. మూడు సాఫీగా వచ్చాయి. ఇదొక్కటే ఎందుకు పట్టేసింది?"

తవిటినాయుడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. అరచేతి చెమట నా మరల్లోకి దిగింది. మళ్లీ తుప్పు పట్టిస్తాడా అనుకున్నాను. నిజం చెబితే పక్కనున్న జనరల్ మేనేజరుకు తన రిపోర్టు అబద్ధమని తెలుస్తుంది. చెప్పకపోతే పట్టా పోతుంది. ఎటు చూసినా కుర్చీయే జారుతోంది.

సౌదామిని నన్ను అతడి చేతిలోంచి తీసుకుంది. పెన్సిలు మొనతో మర అడుగున గీకింది. పొడి రాలింది.

"ఈ పచ్చరంగు ఏమిటండీ?"

తవిటినాయుడు రాలిన పొడిని వేలితో అద్ది చూశాడు.

"పసుపండి," అన్నాడు తవిటినాయుడు.

"ఏం పసుపు?"

"పూజ పసుపండి. ఏటా ఈ బోల్టు మీదే కొబ్బరికాయ కొడతాం. ఆ నీళ్లు మరల్లోకి దిగి, ఏళ్ల తరబడి తుప్పు పట్టీసిందండి. పసుపు తుడిస్తే అరిష్టమని తుడవం. బోల్టుది తప్పు కాదండి."

జనరల్ మేనేజరు ముందుకు వంగాడు. "ఎవరయ్యా కొట్టింది?"

"నేనే సార్. హారతి తమరిచ్చారు."

జనరల్ మేనేజరు మంచినీళ్ల గ్లాసు అందుకుని మొత్తం తాగేశాడు. ఆపైన ఆ రిపోర్టు ఊసు ఎత్తలేదు. పక్కనున్న ప్రొఫెసరు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తుడుచుకున్నాడు. సౌదామిని నవ్వలేదు.

"ఇప్పటికి మీ అనుభవం బయటికి వచ్చింది," అంది. "ఆ ఆరు అధ్యాయాలు ఎవరి అనుభవమో నాకు తెలియదు. వాటిని తీసేసి ఇది రాసుకుని రండి."

రాశాడు. ఇచ్చారు. కుర్చీ కూడా వచ్చింది. నా నట్టును కోసినందుకు ఒక పట్టా, ఎందుకు కోయవలసి వచ్చిందో ఒప్పుకున్నందుకు మెప్పు. నాకు నిర్దోషినన్న మాట. ఆమెకు ఏమిటంటే, ఏమీ లేదు. చనిపోయినవాళ్లకు అధ్యాయం ఉండదు.

మరుసటి సీజను పూజకు చీఫ్ ఇంజనీరు తవిటినాయుడు పెద్ద నల్లరాయి ఒకటి తెప్పించి మిల్లు పక్కన పెట్టించాడు. ఇకమీదట కాయ దీని మీదే కొట్టాలి అన్నాడు. పోలయ్య తల గోక్కున్నాడు.

"బాబూ, చెరకు ఆడీది రాయా, మిల్లా?"

"మిల్లే."

"మరి కాయ రాయికి కొడితే మిల్లుకేటి తెలుస్తాది బాబూ?"

జనమంతా అవునన్నారు. జనరల్ మేనేజరు హారతి పళ్లెం పట్టుకుని ఎటూ చూడకుండా నిలబడ్డాడు. తవిటినాయుడు కాసేపు రాయి వైపు చూశాడు, కాసేపు మిల్లు వైపు చూశాడు. చివరికి గుమ్మం వైపు మూలకు నడిచి, నా స్థానంలో ఉన్న కొత్త బోల్టు నెత్తిన, దాని కొత్త నట్టు మీద, ఒక్క దెబ్బకు కాయ కొట్టాడు. చెయ్యి ఇప్పటికీ మంచిదే. ఆ తర్వాత జేబులోంచి గుడ్డ తీసి పోలయ్యకు ఇచ్చాడు.

"తుడువు," అన్నాడు.

ఎం.టెక్. అంటే ఆ గుడ్డ.

ఇదంతా నేను చూశాను. ఎందుకంటే అచ్చొచ్చిన బోల్టునని నన్ను కూడా ఆ రోజు పూజ పళ్లెంలో పెట్టారు. ఒంటరివాడికి పసుపు రాసి, బొట్టు పెట్టారు. నన్ను మాత్రం ఎవరూ తుడవలేదు.

ఇప్పుడు చీఫ్ ఇంజనీరు బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లు ఇదేమిటని అడుగుతారు. తవిటినాయుడు వెనక్కి వాలి కథ చెబుతాడు. అందులో కొబ్బరికాయ ఉంటుంది, మేడమ్ గారి పెన్సిలు ఉంటుంది, మేనేజరు గారి మంచినీళ్లు ఉంటాయి. అందరూ పడీపడీ నవ్వుతారు. నడుమ ఎక్కడో "నట్టు కోసీసేం" అని ఒక్క ముక్క వస్తుంది. దాని దగ్గర ఎవరూ ఆగరు.

ఎవరూ ఆగనిచోట నేను ఆగాను, చెప్పాను. ఇక ఆమె మాట నా దగ్గర ఎత్తవద్దు. నేనూ ఎత్తను.