ఒక్కసారి పడిన గడియ

మెకానిక్ తలుపు మూయడం, తీయడం, మళ్ళీ మూయడం. మధ్యాహ్నం నుంచి అదే పని. అది ఐస్‌క్రీమ్ గోడౌన్‌లో కోల్డ్ రూమ్ తలుపు. దాని బయటి గడియ పడబట్టే లోపలున్న మనిషి చలికి గడ్డకట్టి చచ్చిపోయాడు. ఎవరైనా వేశారా, దానంతటదే పడిందా అన్నది చూడ్డానికి జడ్జి గారే స్వయంగా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

చనిపోయినవాడి భార్య గోడకానుకుని నిలబడింది. ముద్దాయి ఇద్దరు పోలీసుల మధ్య ఉన్నాడు. అతను ఆమె సొంత తమ్ముడు.

బావా బావమరుదులు కలిసి నడిపిన వ్యాపారం అది. గోడౌన్ అమ్మేద్దామని తమ్ముడు, ససేమిరా అని బావ. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ సాయంత్రం గోడౌన్‌లో వాళ్ళిద్దరే ఉన్నారు. లోపల్నుంచి తలుపు తీసే మీట పాడైందని ఇద్దరికీ తెలుసు. తను వెళ్ళిపోయేసరికి బావ కోల్డ్ రూమ్ బయటే ఉన్నాడని తమ్ముడు మొదట్నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. అక్క ఆ మాట నమ్మలేదు. వీడే చేశాడని ఆమెకి ఖాయం. ఆ నమ్మకం మీదే ఇన్నాళ్ళూ ముద్ద మింగింది, నిద్రపోయింది.

ఎంత విసురుగా వేసినా గడియ పడలేదు. ప్రాసిక్యూటర్ మొహం విప్పారుతోంది. మెకానిక్ చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఇక చాలని జడ్జి గారు లేవబోతుండగా టక్‌మంది. గడియ దానంతటదే జారి కొక్కెంలో కూర్చుంది.

అక్క తమ్ముడి వంక చూసింది. వాడు గడియనే చూస్తున్నాడు, అదేదో ఎదురుచూడని చుట్టం వచ్చినట్టు.

మళ్ళీ వేయించారు. చీకటిపడే దాకా వేయించినా ఇంకోసారి పడలేదు. ఆ సంగతి రాసుకోవాలని ప్రాసిక్యూటర్ పట్టుబట్టాడు. డిఫెన్స్ లాయరు కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు.

"నాకు ఒక్కసారి చాలు సార్. ఒక్కసారి కూడా పడకుండా ఉండాల్సింది మీకు."

తీర్పులో జడ్జి గారు అదే చెప్పారు. ముద్దాయి ఈ పని చేయలేదని తాను అనడం లేదు. చేశాడని సందేహానికి తావు లేకుండా రుజువు కాలేదు. ఆ సందేహం తాలూకు లాభం ముద్దాయికే దక్కాలి. విడుదల.

కోర్టు మెట్ల మీద తమ్ముడు చేతిసంచితో ఎదురొచ్చాడు. జైల్లో సగమైపోయాడు. పద అక్కా, ఇంటికెళ్దాం అన్నాడు, సినిమా అయిపోయి బయటికొచ్చినంత మామూలుగా. ఆమె కదల్లేదు.

"జడ్జి గారే నమ్మారు కదక్కా నన్ను."

"ఆయన నిన్ను నమ్మలేదురా. పోలీసుల మాట నమ్మలేదు."

వాడు సంచి కింద పెట్టాడు. "మరి నువ్వు?"

"ఆ గడియ పడ్డం నేనూ చూశాను. అంతకుముందు నువ్వు జైల్లోనే చావాలనుకున్నాను. ఆ తర్వాత అనుకోలేకపోయాను. ఇందాక విడుదలన్నప్పుడు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాను."

"అనుమానముంటే వదిలెయ్యాలన్నారుగా."

"జైల్లోంచి వదలాలి. పక్కగదిలో నా కూతురు పడుకుంటుందిరా. అదే అనుమానంతో నిన్ను ఆ ఇంట్లోకి ఎలా రానివ్వను?"

వాడి కళ్ళు నిండాయి. ఆమె పరీక్షగా చూసింది. చేసినవాడికైనా ఇప్పుడు కన్నీళ్ళొస్తాయి, చేయనివాడికైనా వస్తాయి. ఎటూ తేలలేదు. ఆదివారాలు పార్కుకి రమ్మంది, పాపని తీసుకొస్తానంది. తనూ పక్కనే ఉంటానని కూడా చెప్పింది. వాడు తలూపి అడిగాడు.

"శిక్ష పడుంటే ఇన్నేళ్ళని చెప్పేవాళ్ళు. దీనికి ఎన్నాళ్ళక్కా?"

"తెలీదురా."

వాడు సంచి అందుకున్నాడు. రోడ్డు దాకా నడిచి, చెయ్యెత్తి ట్యాక్సీ ఆపాడు. ఇంటి అడ్రసు చెప్పి, గుంతలున్న దారి కాకుండా చుట్టు తిరిగి వెళ్ళమని డ్రైవరుకి జాగ్రత్తగా వివరించాడు. అక్క ఎక్కి కూర్చున్నాక పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.