చెయ్యి లేపితే ఆపుతాను

నొప్పి పుడితే ఎడమ చెయ్యి లేపండి, వెంటనే ఆపుతాను అని పళ్ళ డాక్టరు కుర్చీలో పడుకున్న ప్రతి మనిషికీ చెప్తాడు. ఆపడు. లేచిన చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించడం అక్కడ అసిస్టెంటుగా ఆమె పని. కుడిచేత్తో ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని, ఎడమచేత్తో ఆ చేతిని అదిమిపెట్టి, అయిపోయిందండీ, ఒక్క నిమిషం అంటుంది. అయిపోదు. అది అబద్ధమని ఆమెకు తెలుసు, డాక్టరుకు తెలుసు. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకూ తెలుస్తుంది, కానీ మాట్లాడలేరు.

ఆ ఎడమ చెయ్యే కొంతకాలంగా భుజం దాటి లేవడం లేదు. పై అరలో డబ్బా అందదు. జడ వేసుకోలేకపోతోంది. ఎముకల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఎముకలో ఏమీ లేదమ్మా, దిగమింగుకున్నదేదో అక్కడ చేరింది అన్నాడు. ఒంటి ద్వారా మనసుకు వైద్యం చేసే థెరపిస్టు దగ్గరికి పంపాడు. మొగుడు అడ్డు చెప్పలేదు. వెళ్ళిరా, ఇంట్లో పనులన్నీ ఆగిపోతున్నాయి అన్నాడు. పాడైన మిక్సీని రిపేరుకు పంపినట్టు పంపాడు. తోడుగా అక్క వచ్చింది. అమ్మ పోయాక ఆమెకు పుట్టిల్లంటే అక్కే.

అక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. మంచం ఉంటుందనీ, బట్టలు సడలించమంటారనీ భయపడింది. రెండు కుర్చీలు, కింద ఒక తివాచీ, అంతే. ఏం జరుగుతుందో థెరపిస్టు ముందే చెప్పింది. అడక్కుండా ముట్టుకోనంది. కథంతా చెప్పక్కర్లేదు, పాదాలు నేలకు ఆనుతున్నాయా, ఊపిరి ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతోంది, అవి చూసుకుంటే చాలంది. ఏడుపు రావచ్చు, వణుకు రావచ్చు, ఏమీ రాకపోనూవచ్చు. ఇంటికి వెళ్ళాక, ఏ పనిలోనో ఉన్నప్పుడు రావచ్చు. రెండు రోజులు ఇంకా నలతగా ఉన్నా కంగారుపడొద్దంది.

"ఎక్కడ వద్దనిపించినా చెయ్యి లేపండి. ఆపేస్తాను."

ఆమెకు నవ్వొచ్చింది. "ఆ మాట మా డాక్టరుగారూ చెప్తారండీ."

థెరపిస్టు నవ్వలేదు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకోనా అని అడిగింది. సరేనని, జరుపుతుండగానే ఆమె కుడిచెయ్యి లేపింది. పరీక్షకే లేపింది. కుర్చీ ఉన్నచోటే ఆగింది. కాసేపయ్యాక మళ్ళీ జరపనిచ్చి, మళ్ళీ లేపింది. మళ్ళీ ఆగింది. ఎందుకని అడగలేదు, మొహం చిట్లించలేదు, ఇంత మాత్రానికా అనలేదు. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. తన చెయ్యి చూసి ఒక మనిషి ఆగడం ఆమె ఎరగదు. వంటింట్లో వద్దన్నా, పడకమీద వద్దన్నా ఆగినవాళ్ళు లేరు. వద్దు అనే మాటకు ఆ ఇంట్లో అర్థం, ఇంకాస్త గట్టిగా అడగాలని.

దారిలో అక్క పుచ్చుపన్ను ఉన్న బుగ్గ నొక్కుకుంటూ, ఏం చేయించారే అంది. ఎవరికీ చెప్పకూడదనుకున్నది అక్కకు చెప్పేసింది. "అక్కడ చెయ్యి లేపితే ఆగుతారక్కా. మా ఆయనలా కాదు." అక్క ఆమె వీపు నిమిరింది. మీ డాక్టరుకు నా పన్ను సంగతి చెప్పు అంది.

సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే మొగుడు కంచంలోంచి తల ఎత్తలేదు.

"చెయ్యి లేపితే ఆగుతారటగా అక్కడ. నేను ఆగనటగా."

అత్తగారు కిసుక్కున నవ్వింది. "అందరం ఆగితే పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా?"

"మీ అక్కే ఫోన్ చేసి చెప్పింది," అన్నాడతను. "పడకగది మాటలు బయటికి లాగే వైద్యమట, మానిపించు మరిదీ అంది. ఆవిడకున్న బుద్ధి నీకు లేదు. ఇక వెళ్ళక్కర్లేదు."

ఆమె కంచాలు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది. నీళ్ళు ఎడమ మణికట్టు మీద పడగానే ఒళ్ళు వణికింది. మణికట్టు చుట్టూ వేళ్ళు బిగుసుకున్నట్టుంది. కడుపు పోయి, నెత్తురింకా ఆగకముందే ఇంటెడు చాకిరీ చేయిస్తే, సంచీ సర్దుకుని అక్క ఇంటికి పారిపోయిన రోజు గుర్తొచ్చింది. మొగుడు వెంటబడి వచ్చాడు. రానని గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి పట్టుకుని అతను ఈడ్చుకెళ్ళాడని ఇన్నేళ్ళూ అనుకుంది. కాదు. ఆ వేళ్ళు సన్నగా ఉన్నాయి. వాటి వెనక గాజులు చర్మానికి ఒత్తుకున్నాయి. అతను గుమ్మం అవతలే నిలబడ్డాడు. లేచిన చేతిని దించి, కాస్త ఓర్చుకోవే అంటూ తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది అక్క.

ఆమె కుళాయి కట్టేసింది. గిన్నెలు అలాగే ఉన్నాయి.

ఆ వారంలోనే అక్క పన్ను చూపించుకోవడానికి వచ్చి కుర్చీలో పడుకుంది. డాక్టరు చెప్పాల్సిన మాట చెప్పి డ్రిల్లు మొదలెట్టాడు. కాసేపటికి గాజులు గలగలమన్నాయి. ఎడమ చెయ్యి లేచింది. డాక్టరు అటు చూడకుండానే, పట్టుకోమ్మా అన్నాడు. అలవాటుగా ఆమె చెయ్యి వెళ్ళింది. గాజుల దాకా వెళ్ళి ఆగింది.

"ఆపండి డాక్టర్."

"ఇంకొంచెమే."

"చెయ్యి లేపింది. ఆపుతానన్నారు."

గొట్టం నోట్లోంచి తీసేసింది. డాక్టరు విసుక్కుంటూ డ్రిల్లు ఆపాడు. అక్క కళ్ళనిండా నీళ్ళు. సగం మొద్దుబారిన నోటితో, నా తల్లే, బతికించావు అంది.

ఆమె అక్క మూతి తుడిచింది. గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"నేనూ లేపాను. నువ్వు దించావు." డాక్టరు వింటున్నాడని తెలిసినా గొంతు తగ్గించలేదు. "రేపు థెరపీకి వెళ్తున్నాను. ఫోన్ చేసి ఆయనకు చెప్పుకో. నాతో మాత్రం రాకు."

అక్క చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఆమె ముట్టుకోలేదు.