మూలమలుపులో జారిన చెయ్యి

అడవి దారిలో మూలమలుపు తిప్పుతుండగా డ్రైవర్ షాలేమ్‌రాజు కుడిచెయ్యి స్టీరింగ్ మీంచి జారి ఒళ్ళో పడింది. ఎత్తబోతే లేవలేదు. బ్రేకు గట్టిగా తొక్కాడు. బస్సు లోయ అంచున ఆగింది. గేదెలు అడ్డం వచ్చాయేమో అనుకున్నారు జనం. అతనూ అదే చెప్పి, ఎడమచేత్తో మెల్లగా భద్రాచలం చేర్చాడు.

కిందటి నెల అడవిపంది అడ్డొచ్చి బైక్ మీంచి పడ్డప్పటి నుంచీ భుజం నొప్పే. తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు చెయ్యి ఇలాగే పడిపోయింది. ఆ సంగతి తలుచుకోవడానికే అతనికి ధైర్యం చాలలేదు. భద్రాచలం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక బాగుందని, ఎమ్మారై కోసం ఖమ్మం పంపారు. భార్య స్తుతి వెంట వచ్చింది.

ఎమ్మారై యంత్రం గొట్టంలోకి పంపుతూ టెక్నీషియన్ రబ్బరు బంతి చేతికిచ్చాడు. "భయమైతే నొక్కన్నా. కదిలితే మాత్రం మల్ల మొదటికొస్తది."

కప్పు ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. డమడమ మోత మొదలైంది. కళ్ళు మూసుకుంటే లోయ, వెనక సీట్లలో పిల్లలు. ఊపిరాడక బంతి నొక్కేశాడు.

బయటికి లాగేసరికి చొక్కా తడిసిపోయింది. లోహం లోపలికి తేకూడదంటే గాజులు తీసేసి స్తుతి లోపలికొచ్చింది.

"ఏందయ్యా, ఏమైంది?"

"గేదెలు రాలే స్తుతీ. చెయ్యే లేవలే. బస్సు లోయల పడుతుండె."

ఆమె అతని పాదం పట్టుకుంది. "ముందు తీపిచ్చుకో. నేనీడనే ఉంట."

ఈసారి కదలకుండా పడుకున్నాడు.

"పక్షవాతమా సార్?" డాక్టరు తెర వెలిగించకముందే అడిగాడు.

"కాదండీ. ఈ నల్లటి పట్టీ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్. చెయ్యి పైకెత్తేది ఇదే. ఇక్కడ తెల్లగా ఉంది చూడండి, ఇక్కడే ఎముక నుంచి ఊడిపోయింది. కండరం ఇంకా బాగానే ఉంది. ఆపరేషన్ చేసి కుట్టొచ్చు."

"మల్ల బస్సు నడుపుతనా?"

"చాలామంది నడుపుతారు. మీకు మాత్రం ఇప్పుడే మాటివ్వలేను."

అతను వరండాలోకి వచ్చి డిపోకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేశాడు. ఆపరేషన్ థియేటర్‌లోకీ భయపడుతూనే వెళ్ళాడు.

వానాకాలం వెళ్ళిపోయాక చెయ్యి భుజమెత్తుకు లేచింది. డిపోలో కూర్చుని చేసే పనిచ్చారు. బస్సు ఎప్పుడిస్తారని అతను ఇంకా అడగలేదు.