మంచుబండిని దించిన జాగ

మంచు మీద ఉరికే బండిని తెచ్చి ఇసుకల నడుపుమంటే నేనేం జెయ్యాలె? మీరే చెప్పుండ్రి. సౌదీల బురైదా పట్నం అవతల ఖర్జూరపు తోటల నేను పంపుల మెకానిక్‌ను. బోరు మోటార్లు, డీజిల్ ఇంజన్లు నాకు ఎరుకే. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనికి వెట్టుకున్న అరబ్బు, అబూ నాసర్ కెనడాల ఎవలతోనో మాట్లాడి ఓడల తెప్పిచ్చిండు గా బండిని. ముంగట చక్రాల జాగల రెండు పలకలు, ఎనుక రబ్బరు పట్టా. అమెరికోళ్లు ఇరాక్ మీద పడ్డ ఏడాది, చలికాలం. లోకమంత యుద్ధం ముచ్చట వెడుతుంటే మా కఫీల్‌కు గీ సోకు పట్టుకున్నది.

నా పానమంతా ఎల్లన్న మీదున్నది. ఎల్లన్న మా జగిత్యాల దిక్కోడు, నాకంటె పెద్దోడు, నన్ను ఈ తోటకు తెచ్చుకున్నోడు. చెట్లకు నీళ్లు కట్టుకుంటనే గుండె వట్టుకొని కూలవడ్డడు, ఆడనే పానం వోయింది. దవాఖాన్ల మంచుపెట్టెల వెట్టిండ్రు. ఇంటికి తోలాలంటే కఫీల్ సంతకం కావాలె. సంతకం ఎంతసేపు? చాయ్ సల్లారేంత సేపు గూడ పట్టది. అడిగినప్పుడల్ల "బుక్రా, బుక్రా" అంటడు. రేపట.

ఆయన చెడ్డోడని నేననను. పండుగకు బట్టలు వెడతడు, మాకు జరమొస్తే తనే కార్ల దవాఖానకు తీస్కవోతడు. గాని మనసు ఒకదాని మీద వడ్డదంటే ఇంకోటి కండ్లకు ఆనది. ఊరి నుంచి ఎల్లన్న పెండ్లాం ముత్యవ్వ వదినె ఫోన్ జేస్తది. ఏడ్వది. గొంతు గూడ వణుకది. "ఎప్పుడు తోలుతరు భూమేష్?" అంటది. నేను "రేపు వదినె" అంట. కఫీల్ బుక్రాను తెలుగుల చెప్పుడే నా నౌకరైంది. థూ, ఏం బతుకో!

ఒకనాడు పొద్దుగూకక ముందు జిలానీ వచ్చిండు. జిలానీ కఫీల్ దగ్గర డ్రైవర్, కడప మనిషి, అరబ్బీ గడగడ మాట్లాడ్తడు.

"ఎల్లన్న కాగితం నా జేబులోనే పెట్టుకోనుండా భూమేశూ. ఈ పొద్దు ఆ బండి ఇసకదిబ్బ ఎక్కి దిగితే సంతకం పెడ్తానన్నాడు కఫీల్" అన్నడు.

"ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే మళ్లీ బుక్రానే. ఏం చేస్తాం? పా, పోదాం."

నా ఒళ్లు మండింది. మండి ఏం లాభం? పోయిన.

దిబ్బ కాడ కఫీల్ ముందుగాల నన్నే ఎక్కి చూడుమన్నడు. ఎక్కిన. నాలుగు స్ట్రోకుల ఇంజన్, చప్పుడు తక్వ, బలం మస్తు. గాని ఏం బరువు! బరువంత ముక్కు మీదనే. సక్కగ వోతే సుకమే, కూసున్నట్టే తెల్వది. మలుపు కాడ వస్తది తిప్పలు. హ్యాండిల్ తిప్పుతే తిరిగింది హ్యాండిలే, బండి నాగలి లెక్క ఇసుకను దున్నుకుంట ముంగటికే వోయింది. ఒళ్లంత లోపలి దిక్కు వంచి, మలుపుల గూడ రేసు ఇడువకుండ సన్నగ ఇచ్చుకుంట వోతేనే ముక్కు తేలుతది, అప్పుడే మలుగుతది. రేసు ఒక్కపారే ఇడిచినమా, ఇంజన్ ఎనుకకు గుంజి వట్టుకుంటది, ముక్కు వోయి ఇసుకల దిగుతది. తేలికపాటి టూ స్ట్రోక్ బండ్లయితే రేసు ఇడిచి దొర్లిచ్చుకుంట మలుపొచ్చు. చిన్నప్పటి నుంచి ఇసుకల గసోంటి బండ్లే నడిపిన కఫీల్‌కు గదే అలవాటు.

ఇంకో బాధ. ఆ ఇంజన్ సల్లవడాలంటే పట్టా ఎగజిమ్మే మంచు కావాలె. పట్టా జారే ప్లాస్టిక్ కమ్ములకు గూడ మంచే నూనె. ఇసుకేం సల్లవరుస్తది? అందుకే మాతోని తోటల పనిజేసే జనార్దన్ నీళ్ల ట్యాంకర్ వెట్టి ముంగట బాటంత తడుపుకుంట వోయిండు. ఊర్ల తాగనీకి నీళ్లు లేక సస్తుంటరు, ఈడ మేం ఎడారికి నీళ్లు చల్లుతున్నం. జనార్దన్ ట్యాంకర్ల కూసొని నన్ను చూసి నెత్తి కొట్టుకున్నడు.

"జిలానీ భాయ్, ఆయనకు చెప్పు. మలుపుల రేసు ఇడువద్దు, తడి బాట దాటద్దు" అన్న.

జిలానీ చెప్పిండు. కఫీల్ నవ్విండు. "మాలూమ్, మాలూమ్" అని బండెక్కిండు.

ఎక్కుడైతే మంచిగనే ఎక్కిండు. పైకి వోయి చెయ్యి ఊపిండు. నేను సుత మొక్కుకున్న, దేవుడా, ఒక్కసారి కిందికి దింపు, ఎల్లన్న ఇంటికి వోతడని. సంబురమైతే మనిషి ఆగుతడా? తడి బాట ఇడిచి అవతలి దిక్కు పొడి ఇసుకల చక్కర్లు కొట్టిండు. ఇంజన్ కాలిన వాసన మాదాక వచ్చింది. మలుపు కాడ పాత అలవాటు కొద్ది రేసు ఇడిచిండు. ముక్కు దిగవడ్డది, కఫీల్ ఎగిరి ఇసుకల వడ్డడు, బండి లోపలి గుంతలకు జారింది.

ఉరికినం. ఆయనకు ఏం కాలే. బండికే అయింది. ప్లాస్టిక్ కమ్ములు కరిగి పట్టాకు అతుక్కున్నయి, పట్టా తిరుగదు. మేమొచ్చిన పికప్ బండి ఆ గుంతలకు దిగితే అదీ దిగవడుతది. గొలుసు కట్టి గుంజుదామంటే బండి పగులుతదని కఫీల్ వద్దన్నడు. ఇగ మోసుడే.

నా బోరు పైపులు రెండు పికప్‌ల ఉండె. బండి అడుగున జొనిపి తాళ్లతోని కట్టినం. నాలుగు కొసలు, నలుగురు మనుషులు కావాలె. జిలానీ, జనార్దన్, నేను. ఏ బరువు లేపినా నాలుగో కొస ఎప్పుడూ ఎల్లన్నదే. ముగ్గురం ఒకల మొహం ఒకలం చూసుకున్నం. కఫీల్ నెత్తి రుమాలు తీసి నడుముకు చుట్టి, అంగీ పైకి చెక్కి, వచ్చి నాలుగో కొస వట్టిండు.

పైపు భుజం మీదికి రాంగనే నాకు ఎరుకైంది. కట్టినది అచ్చం పాడె లెక్కనే ఉన్నది. జనార్దన్ దిక్కు చూసిన. వాడు మొహం తిప్పుకున్నడు. కాళ్లు మోకాళ్ల దాక ఇసుకల దిగుతున్నయి. సగం తొవ్వల కఫీల్ రొప్పుకుంట "నజ్జిల్, నజ్జిల్" అన్నడు, దించుండ్రి అని. దించినం.

మా దిక్కు పాడెను సగం తొవ్వల దించుతరు. దింపుడు కల్లం అంటరు. చెవుల నోరువెట్టి పేరు వట్టి మూడుమాట్ల పిలుస్తరు, పానం ఏమన్న మిగిలుంటే లేస్తడని. ఎల్లన్నను ఎవలు దించుతరు? పెట్టెల వెట్టి, మొలలు గొట్టి, ఇమానంల సామాను లెక్క తోలుతరు. అదీ ఈ మనిషి సంతకం వెడితేనే. నాకేమైందో తెల్వది, మోకాళ్ల మీద కూలవడి ఆ బండి పక్కకు వంగిన.

"ఎల్లన్నా" అన్న. "ఓ ఎల్లన్నా... ఎల్లన్నా..."

జనార్దన్ గొల్లుమన్నడు. వాడు ఏడుస్తుంటే నాకూ ఆగలే.

"వెష్ హాదా?" అన్నడు కఫీల్, ఏందిది అని. జిలానీ అరబ్బీల మెల్లగ చెప్పిండు, నాలుగో కొస ఎవనిదో గూడ చెప్పినట్టున్నడు, ఎల్లన్న పేరు వినవడ్డది. కఫీల్ ఇసుకల కూసున్నడు. చేతులకు ఇసుక అంటింది, దులుపుకోలే. "కాగితం ఏది?" అన్నడు. బండి సీటు మీద వెట్టి సంతకం జేసిండు. ఇగ లేచి మళ్ల నాలుగో కొస భుజానికెత్తుకున్నడు. పైదాక మోసిండు, మధ్యల ఎక్కడా దించుమనలే.

నా కోపం పోయిందనుకుంటున్నరా? పోలే. గింత సంతకానికి గంత మోసుడు మోయాల్నా? ఇప్పటికీ మండుతది నాకు.

ఎల్లన్న ఇంటికి వోయిండు. కార్యమైనంక ముత్యవ్వ వదినె ఫోన్ జేసింది. గదే గొంతు, వణుకని గొంతు.

"పెట్టె ఇప్పద్దన్నరు భూమేష్. చాన దినాలైందని, ఇమానం దిగిన జాగ నుంచి సక్కగ వల్లకాటికే తీస్కవోయిండ్రు. నలుగురు మోసుడు లేదు, దించుడు లేదు. దింపుడు కల్లం కాలే. ఆయనను ఎవ్వలు పిలువలే."

"మేం పిలిచినం వదినె" అన్న. "ఈడ ఇసుకల దించినం. నలుగురం మోసినం, సగం తొవ్వల దించినం. నేనే పిలిచిన, మూడుమాట్ల."



"పలికిండా?" అన్నది.

"లేదు వదినె. పలుకలే."

"అయితే ఇగ రాడు" అన్నది. అప్పుడు ఏడ్సింది.